తత్యానా సమోయిలోవా కీర్తి ఎలా వచ్చింది, ఎందుకు మసకబారింది: తరచుగా అడిగే ప్రశ్నలు

సోవియట్ సినిమా గురించి మాట్లాడుకునేటప్పుడు దర్శకుల పేర్లు వినిపించినంతగా నటుల పేర్లు వినిపించవు. 1958లో ప్రపంచమంతా చూసిన ఒక ముఖం ఆ తరువాత తెర మీద అరుదైపోవడం గురించి పాఠకులు తరచూ అడిగే ప్రశ్నలకు ఇక్కడ వీలైనంత వివరంగా సమాధానాలు ఉన్నాయి.

తత్యానా సమోయిలోవా ఎవరు?

తత్యానా యెవ్‌గేన్యెవ్‌నా సమోయిలోవా 1934 మే 4న లెనిన్‌గ్రాద్‌లో జన్మించారు. 1957లో వచ్చిన ‘ఎగిరే కొంగలు’ చిత్రంలో వెరోనికాగా, 1967లో వచ్చిన ‘అన్నా కరేనినా’లో అన్నాగా నటించి సోవియట్ యూనియన్‌లోనూ బయటా పేరు పొందారు. ఈ రెండింటి నడుమ పదేళ్లు గడిచాయి. రెండోదాని తరువాత ఆమె మరో 47 ఏళ్లు జీవించారు గాని, ఆ స్థాయి పాత్ర మళ్లీ ఒక్కటి కూడా ఆమెకు దక్కలేదు.

నటన ఆమెకు తండ్రి నుంచి వచ్చిందా?

తండ్రి యెవ్‌గేనీ సమోయిలోవ్ స్వయంగా పెద్ద నటుడు. దర్శకుడు దొవ్‌జెంకో 1939లో తీసిన ‘ష్చోర్స్’లో కథానాయకుడు ఆయనే. యుద్ధకాలపు సినిమాల్లో నిటారుగా నిలబడి, స్పష్టమైన గొంతుతో మాట్లాడే ధీరుడైన యువకుడి పాత్రలకు ఆయనది తిరుగులేని పేరు. కూతురు చిన్నతనంలోనే కుటుంబం మాస్కోకు మారింది. నాటకాల వాతావరణంలో పెరిగిన ఆ అమ్మాయి మొదట బ్యాలే నేర్చుకుంది. తరువాత నటన వైపు మళ్లి, మాస్కోలోని వఖ్తాంగొవ్ రంగస్థలానికి అనుబంధమైన ష్చూకిన్ నాటక పాఠశాలలో చేరింది. బ్యాలే శిక్షణ ఆమె శరీరంలో ఎంతగా ఇంకిపోయిందో ‘ఎగిరే కొంగలు’లో ఆమె పరుగెత్తే ప్రతి దృశ్యంలోనూ కనిపిస్తుంది.

ఆమె తొలి సినిమా 1955లో వచ్చిన ‘మెక్సికన్’. జాక్ లండన్ కథ ఆధారంగా తీసిన ఆ చిత్రంలో ఆమెది ప్రధాన పాత్ర కాదు. విద్యార్థులు సినిమాల్లో నటించడాన్ని ష్చూకిన్ పాఠశాల ఒప్పుకునేది కాదు. అందువల్ల ఆమె అక్కడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. నటనలో పట్టా తరువాత వేరే సంస్థలో తీసుకున్నారు. ఇది చిన్న విషయంలా కనిపించవచ్చు గాని, ఆమె జీవితాన్ని అర్థం చేసుకోవడానికి అవసరమైనది. ష్చూకిన్‌లో చదువు ముగించిన వారిలో ప్రతిభావంతులకు వఖ్తాంగొవ్ రంగస్థలంలో జీవితాంతం చోటు దొరికేది. ఆ దారి ఆమెకు మొదట్లోనే మూసుకుపోయింది.

‘ఎగిరే కొంగలు’లో ఆమె పాత్ర అంత కొత్తగా ఎందుకు అనిపించింది?

కథ 1941 జూన్‌లో మాస్కోలో మొదలవుతుంది. వెరోనికా, బోరిస్ ప్రేమించుకుంటారు. యుద్ధం రాగానే బోరిస్ స్వచ్ఛందంగా సైన్యంలో చేరతాడు. వీడ్కోలు చెప్పడానికి ఆమె ఆలస్యంగా చేరుకుంటుంది. గుంపులో అతన్ని చేరుకోలేక ఆమె విసిరిన బిస్కెట్ల పొట్లం కవాతు చేస్తున్న వారి కాళ్ల కింద నలిగిపోతుంది. బాంబు దాడిలో తల్లిదండ్రులు పోతారు. ఆమె మండుతున్న మెట్లెక్కి పరుగున వెళ్లి తలుపు తెరిస్తే, తలుపు వెనుక ఇల్లు ఉండదు. గోడ గడియారం మాత్రం ఇంకా కొట్టుకుంటూ ఉంటుంది. ఆశ్రయమిచ్చిన బోరిస్ ఇంట్లోనే, అతని పినతండ్రి కొడుకు మార్క్ ఆమెను బలవంతం చేస్తాడు. ఆమె అతన్నే పెళ్లాడుతుంది. బోరిస్ అప్పటికే బురద నిండిన అడవిలో చనిపోయాడని ప్రేక్షకుడికి తెలుసు, ఆమెకు తెలియదు.

ఈ మలుపు ఆనాటి ప్రేక్షకులకు ఎంత పెద్ద విషయమో ఊహించాలంటే యుద్ధకాలాన్ని గుర్తు చేసుకోవాలి. సైనికులు జేబుల్లో పెట్టుకుని తిరిగిన కాన్‌స్తాంతిన్ సీమొనొవ్ కవిత ‘నా కోసం వేచి ఉండు’ 1941 నాటిది. వేచి ఉండే స్త్రీయే ఆదర్శం, వేచి ఉండనిది ద్రోహి అన్నది దాదాపు చట్టమంత బలమైన భావన. వెరోనికా వేచి ఉండలేకపోయింది. అయినా సినిమా ఆమెను శిక్షించదు, ఆమె తరఫున వాదించదు కూడా. ఆమె తనను తాను ఎలా చూసుకుంటుందో మాత్రమే చూపిస్తుంది. సైబీరియా ఆసుపత్రిలో ఒక గాయపడిన సైనికుడు, తన ప్రియురాలు మరొకరిని పెళ్లాడిందన్న ఉత్తరం అందుకుని విలపిస్తాడు. బోరిస్ తండ్రి అయిన వైద్యుడు అతన్ని ఓదారుస్తూ అటువంటి ఆడవాళ్లను తిట్టిపోస్తాడు. వెరోనికా అక్కడే నిలబడి వింటుంది. ఆ నిమిషంలో సమోయిలోవా ముఖం మీద ఏడుపు ఉండదు. తీర్పును తాను అప్పటికే అంగీకరించిన మనిషి నిశ్చలత్వం ఉంటుంది. నా దృష్టిలో సోవియట్ సినిమాలో నటనకు అది ఒక శిఖరం.

ఆ యుద్ధంలో సోవియట్ ప్రజలు సుమారు 2 కోట్ల 70 లక్షల మందిని పోగొట్టుకున్నారు. సినిమా వచ్చేనాటికి యుద్ధం ముగిసి పన్నెండేళ్లే. హాళ్లలో కూర్చున్న స్త్రీలలో భర్తను, ప్రియుణ్ణి, కొడుకును పోగొట్టుకోని వారు తక్కువ. వేచి ఉన్నవారు, ఉండలేకపోయినవారు కూడా తమ గురించి ఎవరూ బహిరంగంగా చెప్పని ఒక మాటను వెరోనికాలో విన్నారు. 1953లో స్టాలిన్ మరణం, అతని పాలనను క్రుశ్చొవ్ విమర్శించిన 1956 నాటి ఇరవయ్యో కమ్యూనిస్టు పార్టీ మహాసభ లేకుండా ఆ సినిమా ఆ రూపంలో వచ్చి ఉండేది కాదు. మూలమైన ‘చిరంజీవులు’ నాటకాన్ని విక్టర్ రోజొవ్ 1943లోనే రాసినా, అది మాస్కో వేదికకు చేరింది 1956లోనే. కొత్తగా ఏర్పడిన సొవ్రెమేన్నిక్ రంగస్థలం ఆ నాటకంతోనే తన ప్రయాణం మొదలుపెట్టింది.

ఆ విజయం నటిదా, కెమెరాదా?

ఈ ప్రశ్న అప్పటి నుంచీ ఉంది, ఉండటం సమంజసమే. దర్శకుడు మిఖాయిల్ కలతోజొవ్, ఛాయాగ్రాహకుడు సెర్గేయ్ ఉరుసేవ్‌స్కీ కలిసి కెమెరాను స్టాండు మీద నుంచి దించి మనుషుల మధ్యకు తెచ్చారు. వీడ్కోలు వేళ వెరోనికా బస్సులో కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది. బస్సు ఆగగానే ఆమె దిగి గుంపులో పడి పరుగెత్తుతుంది. ఛాయాగ్రాహకుడి చేతిలోని కెమెరా ఆమె వెంటే దిగి, ఆమెతోపాటే జనాన్ని తోసుకుంటూ వెళ్లి, ఒక్కసారిగా పైకి లేచి, ట్యాంకుల వరుసల మధ్య దారి వెతుక్కుంటున్న ఆమెను పైనుంచి చూపిస్తుంది. మధ్యలో ఎక్కడా కోత ఉండదు. బోరిస్ కూలిపోయేటప్పుడు భూర్జ వృక్షాల తలలు ఆకాశంలో గిరగిరా తిరుగుతాయి.

అటువంటి కెమెరా ముందు సాధారణ నటి చిన్నదైపోతుంది. సమోయిలోవా అలా కాలేదు, ఎందుకంటే ఆమె నటన కూడా ఆగి పలికే సంభాషణ మీద కాక కదలిక మీద, చూపు మీద ఆధారపడింది. రంగస్థలం నుంచి వచ్చిన నటులు చాలామంది మాటను ముందు పెట్టుకుని ముఖాన్ని దాని వెనుక నడిపించేవారు. ఆమె చేసింది సరిగ్గా దానికి తలకిందులు. కొద్దిగా వంపు తిరిగిన పెద్ద కళ్లు, నల్లని జుట్టు గల ఆమె ముఖం అప్పటి తెరకు అలవాటైన, ఆరోగ్యంగా నవ్వే ట్రాక్టరు నడిపే యువతి ముఖం కాదు. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ వాటా అని తూచడం కన్నా, ఇద్దరూ ఒకరికొకరు దొరకడం అదృష్టమని చెప్పడం న్యాయం. అదే తరువాత ఆమెకు చిక్కు కూడా అయింది. అటువంటి దర్శకుడు, అటువంటి కెమెరా లేనిచోట ఆమె ప్రతిభకు సగం పనే దొరికింది.

కేన్స్‌లో ఆమెకు దక్కిన బహుమతి ఏమిటి?

1958 కేన్స్ చలనచిత్రోత్సవంలో ‘ఎగిరే కొంగలు’కు అత్యున్నత బహుమతి పామ్ డి ఓర్ లభించింది. ఆ పేరుతో ఇచ్చే బహుమతిని గెలుచుకున్న పూర్తి నిడివి సోవియట్ కథాచిత్రం అదొక్కటే. సమోయిలోవాకు న్యాయనిర్ణేతల ప్రత్యేక ప్రశంస దక్కింది. ఉత్తమ నటి బహుమతి ఆమెకు వచ్చిందని కొన్నిచోట్ల రాస్తుంటారు గాని, ఆ ఏడాది ఆ బహుమతిని ఇంగ్మర్ బెర్గ్‌మన్ చిత్రంలోని నలుగురు నటీమణులు పంచుకున్నారు. ఆ తరువాత బ్రిటిష్ ఫిలిం అకాడమీ ఉత్తమ విదేశీ నటి బహుమతికి కూడా సమోయిలోవా పేరు పరిశీలనకు వచ్చింది.

సొంత దేశంలో సినిమాను ఎలా స్వీకరించారు?

సోవియట్ హాళ్లలో సుమారు 2 కోట్ల 83 లక్షల మంది చూశారు. ఆ ఏడాది వచ్చిన సినిమాలలో అది మొదటి పదింటిలో నిలిచింది. పెద్ద విజయమే అయినా అప్పటి సోవియట్ లెక్కల్లో అసాధారణమైన సంఖ్య కాదు. పోలిక కోసం చెప్పాలంటే, 1954లో అక్కడ విడుదలైన రాజ్ కపూర్ ‘ఆవారా’ను 6 కోట్ల మందికి పైగా చూశారు. ‘ఎగిరే కొంగలు’ ఖ్యాతి మొత్తం సంఖ్యలతో వచ్చింది కాదు, లోతుతో వచ్చింది.

అధికార వర్గాలలో సినిమా పట్ల ఇబ్బంది ఉండేదన్నది అప్పటివారు అనేకులు చెప్పిన మాట. కథానాయిక నడవడిక అప్పటి సోవియట్ నాయకుడు క్రుశ్చొవ్‌కు నచ్చలేదని, ఆమెను చాలా పరుషమైన మాటతో తిట్టారని చెబుతారు. ఆయన ఏ మాట అన్నారన్నది అలా ఉంచితే, దేశానికి దక్కిన అంత పెద్ద గౌరవం నటి జీవితంలో ఏ తలుపునూ తెరవకపోవడం మాత్రం కళ్లెదుట కనిపించే వాస్తవం. ఆమెకు ‘గౌరవ కళాకారిణి’ బిరుదు 1965లో గాని రాలేదు.

హాలీవుడ్ పిలిచినా వెళ్లనివ్వలేదన్నది నిజమేనా?

ఫ్రెంచ్ నటుడు జెరార్ ఫిలిప్ పక్కన అన్నా కరేనినాగా నటించమని పశ్చిమ దేశాల నుంచి తనకు ఆహ్వానం వచ్చిందని, సోవియట్ అధికారులు ఒప్పుకోలేదని సమోయిలోవా తన ముఖాముఖిలలో చెప్పేవారు. ఆ సినిమా తయారు కాలేదు, ఫిలిప్ 1959లో చిన్న వయసులోనే మరణించారు. ఆహ్వానం ఎంత దూరం వచ్చిందన్న వివరాల కన్నా, అటువంటి ఆహ్వానం వస్తే ఏం జరిగేదన్నది స్పష్టంగా చెప్పవచ్చు. సోవియట్ నటుడికి సొంత ఏజెంటు ఉండడు. విదేశీ సంస్థ నేరుగా నటుడితో ఒప్పందం రాసుకోలేదు. ఉత్తరం మంత్రిత్వ శాఖకు వెళుతుంది, సమాధానం అక్కడి నుంచే వెళుతుంది, ఆ మధ్య జరిగినది నటుడికి చాలాసార్లు ఆలస్యంగా తెలుస్తుంది, కొన్నిసార్లు తెలియనే తెలియదు. పారితోషికం కూడా అంతే. ఎన్ని కోట్ల మంది చూసినా టికెట్ల రాబడిలో నటుడికి భాగం లేదు. ప్రభుత్వం నిర్ణయించిన శ్రేణి ప్రకారం పనిదినాలకు కట్టిన వేతనమే దక్కేది.

పశ్చిమ దేశాలలో కీర్తి అంటే తరువాతి పనిని ఎంచుకునే శక్తి. సమోయిలోవాకు కీర్తి వచ్చింది గాని, దానితోపాటు ఆ శక్తి రాలేదు. ఆమె కథలో కీలకం ఇదేనని నా నమ్మకం.

అదే బృందం మళ్లీ తీసిన ‘పంపని ఉత్తరం’ ఎందుకు ఆదరణ పొందలేదు?

కలతోజొవ్, ఉరుసేవ్‌స్కీ, సమోయిలోవా మళ్లీ కలిసి పనిచేసిన ఈ చిత్రం 1960లో విడుదలైంది. సైబీరియా అడవుల్లో వజ్రాల నిక్షేపాల కోసం వెతికే నలుగురు భూగర్భ పరిశోధకుల కథ ఇది. ఇన్నొకెంతి స్మొక్తునోవ్‌స్కీ, యెవ్‌గేనీ ఉర్బాన్‌స్కీ, వసీలీ లివానొవ్ ఆమెకు సహనటులు. నిక్షేపం దొరుకుతుంది, ఆ తరువాత కార్చిచ్చు వారిని చుట్టుముడుతుంది. మంటల మధ్య, పొగలో, మంచులో నడిచే మనుషుల నీడలను ఉరుసేవ్‌స్కీ చిత్రించిన తీరు ఈనాటికీ చూసేవారిని నిలబెట్టేస్తుంది. ఆనాటి సోవియట్ విమర్శకులు మాత్రం రూపం మనిషిని మింగేసిందన్నారు. ఆ విమర్శలో కొంత న్యాయం ఉంది. ‘ఎగిరే కొంగలు’లో కెమెరా వెరోనికా మనసును వెతికింది. ఇక్కడ అది ప్రకృతిని వెతుకుతూ మనుషులను అందులో చిన్నవిగా చేసింది. సమోయిలోవాకు నడవడం, అలసిపోవడం, ఓర్చుకోవడం తప్ప నటించడానికి ఎక్కువ మిగల్లేదు.

ఆ తరువాత కలతోజొవ్, ఉరుసేవ్‌స్కీ ఇద్దరూ ‘నేను క్యూబాను’ అనే చిత్రం కోసం క్యూబా వెళ్లారు. సమోయిలోవా వారితో మళ్లీ పనిచేయలేదు.

1960, 1967 నడుమ ఆమె ఏం చేశారు?

ఎక్కువగా విదేశాలతో కలిసి తీసిన సినిమాలు. 1961లో హంగేరీ చిత్రం ‘ఆల్బా రెజియా’లో సోవియట్ రేడియో ఆపరేటరుగా నటించారు. జుసెప్పె దె సాంతిస్ దర్శకత్వంలో, రష్యా మంచులో చిక్కుకున్న ఇటలీ సైనికుల గురించి తీసిన ఇటాలియన్-సోవియట్ చిత్రంలో కనిపించారు. ఇవి మర్యాదగల సినిమాలే గాని, ఆమె కోసం రాసిన పాత్రలు కావు. ఆరోగ్యం కూడా సహకరించలేదు. ‘ఎగిరే కొంగలు’ నాటికే ఆమె క్షయతో బాధపడ్డారు.

‘అన్నా కరేనినా’ ఆమెకు ఏమిచ్చింది?

రెండో జీవితం ఇచ్చిందనే చెప్పాలి. అలెక్సాందర్ జార్ఖీ దర్శకత్వంలో 70 మిల్లీమీటర్ల రంగుల చిత్రంగా, రెండు భాగాలుగా తీసిన ఆ సినిమాను సుమారు 4 కోట్ల మంది చూశారు. అన్నా భర్త కరేనిన్‌గా నికొలాయ్ గ్రిత్సెంకో, స్తీవాగా యూరి యాకొవ్లెవ్, కిట్టీగా అనస్తసీయా వెర్తీన్‌స్కయా, బెత్సీగా ప్రఖ్యాత నర్తకి మాయా ప్లిసేత్‌స్కయా నటించారు. సంగీతం రొదియోన్ ష్చెద్రీన్‌ది. అన్నా ప్రియుడు వ్రోన్‌స్కీగా నటించినవారు వసీలీ లనొవోయ్. ఆయన సమోయిలోవాకు విద్యార్థి దశలో భర్త. పెళ్లయిన కొన్నేళ్లకే విడిపోయిన ఇద్దరూ ఇప్పుడు తెర మీద ప్రేమించి, విసిగి, నాశనమయ్యే జంటగా ఎదురుపడ్డారు. ఈ సంగతిని పత్రికలు ఎప్పుడూ రుచిగా చెప్పుకుంటాయి గాని, సినిమా బలం అందులో లేదు.

బలం ఆమె అన్నాను అర్థం చేసుకున్న తీరులో ఉంది. చాలామంది నటీమణులు అన్నాను ప్రేమకు బలైన అందగత్తెగా చూపారు. సమోయిలోవా అన్నా మొదటి నుంచీ నిద్రలేని మనిషి. ఆమె నవ్వులో కూడా తొందర ఉంటుంది. గుర్రప్పందెంలో వ్రోన్‌స్కీ పడిపోయినప్పుడు కరేనిన్ చూస్తున్నాడని తెలిసీ ఆమె తన ముఖాన్ని దాచుకోలేదు. కొడుకు సెర్యోజా పుట్టినరోజున దొంగతనంగా ఇంట్లోకి వచ్చే దృశ్యంలో ఆ తొందరంతా ఒక్కసారిగా ఆగుతుంది, ఆగినప్పుడు మనకు భయం వేస్తుంది. ఆమె వయసు అప్పటికి ముప్పై దాటింది, ముఖం వెరోనికా నాటికన్నా బరువెక్కింది. కొందరు విమర్శకులు అందులో కావలసిన కులీనత లేదన్నారు. నాకు మాత్రం తొల్‌స్తోయ్ రాసిన, నల్లని గౌనులో నిండుగా కనిపించే అన్నాకు ఆమె చాలా దగ్గరగా అనిపిస్తారు.

ఈ సినిమా 1968 కేన్స్ పోటీకి ఎంపికైంది. పారిస్‌లో విద్యార్థుల తిరుగుబాటు, సమ్మెల కారణంగా ఆ ఏడాది ఉత్సవం మధ్యలోనే ఆగిపోయి, బహుమతులే ఇవ్వలేదు. పదేళ్ల కిందట ఆమెను ప్రపంచానికి పరిచయం చేసిన వేదిక రెండోసారి ఆమెకు ఉపయోగపడలేదు. ఎవరి తప్పూ లేకుండా జరిగిన నష్టం ఇది.

అంత విజయం తరువాత అవకాశాలు ఎందుకు తగ్గిపోయాయి?

ఒక్క కారణం చెప్పి ఊరుకోవడం సులువు, తప్పు కూడా. “ప్రభుత్వం తొక్కేసింది” అన్న వివరణ ఎక్కువగా వినిపిస్తుంది. ఆమెపై నిషేధం ఉండి ఉంటే ‘అన్నా కరేనినా’ వంటి భారీ ప్రభుత్వ చిత్రంలో ప్రధాన పాత్ర ఆమెకు వచ్చేది కాదు. జరిగినది నిషేధం కన్నా నెమ్మదైనది.

మొదటిది, పాత్రల సంగతి. ముప్పై అయిదు దాటిన నటికి సోవియట్ సినిమా ఇచ్చినవి ఎక్కువగా తల్లులు, కర్మాగార అధికారిణులు, ఆదర్శ ఉపాధ్యాయినుల పాత్రలు. అశాంతితో నిండిన సమోయిలోవా ముఖం వాటిలో ఇమడలేదు. ఆమెను దృష్టిలో పెట్టుకుని కథ రాసే రచయిత గాని, ఆమె కోసం పట్టుబట్టే దర్శకుడు గాని ఆ దశకంలో ఆమెకు దొరకలేదు. కలతోజొవ్ 1973లోనూ, ఉరుసేవ్‌స్కీ 1974లోనూ మరణించారు.

రెండోది, ఆమె పనిచేసిన చోటు. మాస్కోలోని సినీ నటుల రంగస్థల స్టూడియో సిబ్బందిలో ఆమె ఉండేవారు. సినిమాలు లేని కాలంలో నటులకు జీతం ఇచ్చి, అప్పుడప్పుడూ వేదిక ఎక్కించే సంస్థ అది. ఆకలి తీర్చింది గాని, నటికి రోజువారీ సాధన, సొంత ప్రేక్షకులు, వయసుతో ఎదిగే పాత్రలు ఇచ్చే అసలు రంగస్థలం కాలేకపోయింది. ష్చూకిన్ చదువు సగంలో ఆగిన నష్టం ఇక్కడ బయటపడింది.

మూడోది కాలం. స్టాలిన్ మరణం తరువాత కళలపై ఆంక్షలు కొంత తగ్గిన సడలింపు యుగం 1960ల చివరకు ముగిసింది. 1970ల తెర మీద ప్రేక్షకులు కోరుకున్నవి హాస్యం, నిత్యజీవితపు కథలు, టీవీ ధారావాహికలు. తుఫానులాంటి విషాదం పాతబడింది. ఆమె స్వభావం కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. తలుపులు తట్టడం, అధికారులతో పరిచయాలు పెంచుకోవడం, చిన్న పాత్రలతో పేరును నిలబెట్టుకోవడం ఆమెకు చేతకాని పనులు. 1970ల తొలి సగంలో ‘సముద్రం’, ‘తిరిగి రావడం లేదు’, 1975లో ‘శ్రామిక నియంతృత్వానికి వజ్రాలు’ వంటి కొన్ని చిత్రాలలో కనిపించారు. ఆ తరువాత దాదాపు రెండు దశాబ్దాల పాటు తెర మీద ఆమె లేరు.

అదే సినిమాల్లో నటించినవారి పేరు ఎలా నిలిచింది?

లనొవోయ్ వఖ్తాంగొవ్ రంగస్థలంలోనే జీవితం గడిపారు. 1971లో వచ్చిన ‘అధికారులు’ చిత్రం, 1973 నాటి టీవీ ధారావాహిక ‘వసంతంలో పదిహేడు క్షణాలు’ ఏటా ప్రసారమవుతూ ఆయనను మూడు తరాలకు ఇంటి మనిషిని చేశాయి. బోరిస్‌గా నటించిన అలెక్సేయ్ బతాలొవ్ ‘ఎగిరే కొంగలు’ తరువాత ‘కుక్కపిల్లతో ఉన్న మహిళ’, ‘ఒకే సంవత్సరపు తొమ్మిది రోజులు’ చేశారు. 1980లో ‘మాస్కో కన్నీళ్లను నమ్మదు’తో మళ్లీ కొత్త ప్రేక్షకులను సంపాదించుకున్నారు. పురుషులకు నలభై, యాభై ఏళ్ల వయసులో కూడా ప్రేమకథలు దొరికాయి.

మరోవైపు ఇజోల్దా ఇజ్విత్స్‌కయా ఉన్నారు. 1956 నాటి ‘నలభై ఒకటవ వాడు’తో కేన్స్ దాకా వెళ్లిన ఆమె సరైన పాత్రలు లేక, తాగుడుకు లోనై, 1971లో 38 ఏళ్లకే ఒంటరిగా మరణించారు. సమోయిలోవా కథను విడిగా చూస్తే దురదృష్టంలా కనిపిస్తుంది. ఇజ్విత్స్‌కయాను పక్కన పెట్టి చూస్తే, 1950ల చివర్లో ప్రపంచానికి చూపించిన నటీమణులను ఆ తరువాత ఏం చేయాలో ఆ వ్యవస్థకు తెలియలేదని అర్థమవుతుంది.

చివరి సంవత్సరాలు ఎలా గడిచాయి?

1990లలో రష్యా ఆమెకు ‘ప్రజా కళాకారిణి’ బిరుదునిచ్చింది. 2000 తరువాత కొన్ని చిత్రాలలో, టీవీ ధారావాహికలలో చిన్న పాత్రలు వేశారు. 2007లో మాస్కో అంతర్జాతీయ చలనచిత్రోత్సవం సినిమాకు ఆమె చేసిన సేవకు ప్రత్యేక బహుమతి ఇచ్చింది. ఆమె ఒంటరితనం గురించి, అనారోగ్యం గురించి రష్యన్ టీవీ కార్యక్రమాలు విపరీతమైన ఆసక్తి చూపాయి. ఆమె నటన గురించి అడిగింది తక్కువ, కన్నీళ్ల గురించి అడిగింది ఎక్కువ. ఆ కార్యక్రమాల వివరాలను ఇక్కడ తిరిగి చెప్పడం మర్యాద కాదు. 2014 మే 4న ఆమెకు ఎనభై ఏళ్లు నిండాయి. ఆ రాత్రే మాస్కోలోని బోత్కిన్ ఆసుపత్రిలో కన్నుమూశారు. నొవొదేవిచ్యె శ్మశానవాటికలో సమాధి చేశారు.

తెలుగువారికి ఆమె ఎలా తెలుసు?

మాస్కోలో అచ్చయి వచ్చిన తెలుగు పుస్తకాల ద్వారా రష్యన్ సాహిత్యంతో పరిచయం పెంచుకున్న తరానికి అన్నా కరేనినా బాగా తెలిసిన పేరు. ఫిలిం సొసైటీల ప్రదర్శనలకు, భారత-సోవియట్ సాంస్కృతిక సంఘం కార్యక్రమాలకు వెళ్లే అలవాటున్నవారికి సోవియట్ యుద్ధ చిత్రాలు కొత్త కాదు. అయినా మన సినిమా వ్యాసాల్లో ఐసెన్‌స్టీన్, తార్కోవ్‌స్కీల మీద వచ్చినంత రాత నటుల మీద రాలేదు. ఈ లోటు తీరవలసి ఉంది.

ఇప్పుడు చూడాలనుకునేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

‘ఎగిరే కొంగలు’తో మొదలుపెట్టండి. రష్యన్‌లో దాని పేరు ‘లెత్యాత్ జురావ్లీ’, ఇంగ్లీషు పేరు ‘ద క్రేన్స్ ఆర్ ఫ్లయింగ్’. నిడివి గంటన్నరకు కొంచెం ఎక్కువ. ఉపశీర్షికలతో, శుభ్రపరిచిన ప్రతి చూడగలిగితే నలుపు-తెలుపుల మధ్య ఉరుసేవ్‌స్కీ పట్టుకున్న ఛాయలన్నీ తెలుస్తాయి. మొదటిసారి కథ కోసం చూడండి. రెండోసారి కెమెరాను మరిచి, ఇతరులు మాట్లాడుతున్నప్పుడు వెరోనికా ఎలా వింటుందో మాత్రమే గమనించండి.

ఆ తరువాత నేరుగా ‘అన్నా కరేనినా’కు వెళ్లవచ్చు. నవల చదివి ఉంటే మంచిది, ఎందుకంటే నవలలో అన్నా కథకు సమాంతరంగా సాగే లేవిన్ కథను సినిమా చాలా కుదించింది. ‘పంపని ఉత్తరం’ను చివర చూడండి. ఆమె కోసం కన్నా నటి, దర్శకుడు, ఛాయాగ్రాహకుడు ముగ్గురూ ఎక్కడ విడిపోయారో తెలుసుకోవడానికి అది అవసరం. వీలైనంత పెద్ద తెర మీద చూడండి, కార్చిచ్చు దృశ్యాలు ఫోనులో సగం కనిపించవు.